నీటి మూడు స్థితులు: ఉష్ణమాపకం, త్రాసు, గడియారంతో స్వయంగా కొలిచి తెలుసుకునే విధానం

మంచుముక్కలు తేలుతున్న నీటిని పొయ్యిమీద పెట్టి, ఉష్ణమాపకాన్ని ముంచి నెమ్మదిగా కలుపుతూ ఉంటే, కింద వేడి అందుతూనే ఉన్నా చివరి ముక్క కరిగేదాకా ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. ఆ తరువాత వరుసగా పెరుగుతూ పోయి, సముద్రమట్టపు వాతావరణ పీడనం వద్ద అయితే 100 డిగ్రీలు చేరగానే మళ్లీ ఆగిపోతుంది. నీరంతా ఆవిరయ్యేదాకా అక్కడి నుంచి కదలదు. నీటి స్థితి మార్పులను అర్థం చేసుకోవడానికి ఈ రెండు నిలకడలే ఆయువుపట్టు. నీరు మంచుగా గడ్డకడుతుందని, ఆవిరిగా మారుతుందని అందరికీ తెలుసు. మార్పు జరుగుతున్నంతసేపు మనం ఇచ్చిన వేడి ఉష్ణోగ్రతను పెంచకుండా ఎక్కడికి పోతోందన్నదే తేల్చుకోవలసిన ప్రశ్న. 1760ల ఆరంభంలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త ఈ ప్రశ్నను కొలతలతో పరిశీలించి, ఉష్ణమాపకానికి చిక్కని ఆ వేడిని గుప్తోష్ణంగా గుర్తించాడు. ఆయన కొలిచినదాన్ని ఈనాడు మామూలు పరికరాలతో ఎవరైనా కొలవవచ్చు. కొలిచి చూసినవారికి ఈ విషయం అర్థమైనంత బాగా సూత్రాలు వల్లెవేసినవారికి అర్థం కాదని నా గట్టి నమ్మకం.

కావలసిన సామగ్రి

మైనస్ 20 నుంచి 110 డిగ్రీల దాకా చూపగల డిజిటల్ ఉష్ణమాపకం, ఒక గ్రాము తేడాను చూపగల త్రాసు, సెకన్లు చూపే గడియారం, వేడిని తట్టుకునే పాత్ర, థర్మోకోల్ కప్పులు రెండు, సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజి, పల్చని లోహపు గ్లాసు, సన్నని గాజు పరీక్షనాళిక, ఉప్పు, మంచుముక్కలు సిద్ధం చేసుకోవాలి. శరీర జ్వరాన్ని చూసే ఉష్ణమాపకం ఈ పనికి పనికిరాదు. పాదరసపు ఉష్ణమాపకం పగిలితే ప్రమాదం కాబట్టి దాన్ని వాడకపోవడమే మంచిది. వేడి చేయడానికి విద్యుత్ హాట్‌ప్లేట్ మేలు. గ్యాస్ పొయ్యి అయితే సన్నని మంట పెట్టి, ప్రయోగం ముగిసేదాకా దాన్ని తగ్గించకుండా, పెంచకుండా ఉంచాలి. వేడి సమానమైన వేగంతో అందుతోందన్న నమ్మకం మీదే లెక్కలన్నీ ఆధారపడి ఉన్నాయి కనుక ఈ జాగ్రత్తను తేలికగా తీసుకోకూడదు. పిల్లలు చేస్తున్నప్పుడు వేడి నీటితోనూ ఆవిరితోనూ జరిగే పనులన్నీ పెద్దల చేతుల మీదుగానే జరగాలి.

ముందుగా గ్రహించవలసిన ఒక సంగతి

ఒక నీటి అణువులోని హైడ్రోజన్ కొన పక్క అణువులోని ఆక్సిజన్ వైపు ఆకర్షితమై హైడ్రోజన్ బంధం ఏర్పడుతుంది. మంచులో ప్రతి అణువూ నాలుగు పొరుగు అణువులతో ఇలా బంధం కట్టుకుని, మధ్యలో ఖాళీలున్న ఒక క్రమమైన అల్లికలో తన చోటు వదలకుండా కంపిస్తూ ఉంటుంది. ద్రవ నీటిలో ఈ బంధాలు క్షణక్షణం తెగుతూ, మళ్లీ ఏర్పడుతూ ఉండడం వల్ల అణువులు దగ్గరదగ్గరగానే ఉన్నా ఒకదాన్నొకటి దాటుకుని కదలగలవు. ఆవిరిలో అవి దాదాపు పూర్తిగా విడిపోయి స్వేచ్ఛగా తిరుగుతాయి. ఉష్ణోగ్రత అణువుల చలన తీవ్రతకు కొలత మాత్రమే. వాటి మధ్య ఉన్న ఆకర్షణను ఎంతవరకు సడలించామన్నది అది చూపదు. స్థితి మారేటప్పుడు వేడి ఖర్చయ్యేది ఈ సడలింపుకే.

మొదటి దశ: మంచు కరగడాన్ని కొలవడం

ఫ్రీజర్ నుంచి తీసిన 100 గ్రాముల మంచును చిన్న ముక్కలుగా దంచి పాత్రలో వేసి, ఉష్ణమాపకం కొన ముక్కల మధ్యలో ఉండేలా, అడుగును తాకకుండా అమర్చాలి. సన్నని వేడి మీద పెట్టి, ప్రతి 30 సెకన్లకు ఒకసారి ఉష్ణోగ్రతను రాసుకోవాలి. మంచు మైనస్ 18 డిగ్రీల నుంచి 0 దాకా వేగంగా వేడెక్కుతుంది, ఆపైన నిలబడిపోతుంది. నీరు కొద్దిగా చేరగానే ఆపకుండా కలుపుతూ ఉండాలి. కలపకపోతే అడుగున నీరు 10 డిగ్రీలకు చేరి, పైన మంచు తేలుతూ ఉండి, నిలకడ కనిపించకుండా పోతుంది. ఈ ప్రయోగం విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే.

ఈ నిలకడ ఎంతసేపు ఉంటుందో ముందే లెక్కకట్టవచ్చు. ఒక గ్రాము మంచు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 2.1 జౌళ్లు (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం), ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.18 జౌళ్లు, ఒక గ్రాము మంచు 0 డిగ్రీల వద్దే ఉండి నీరుగా మారడానికి 334 జౌళ్లు, ఒక గ్రాము నీరు 100 డిగ్రీల వద్ద ఆవిరిగా మారడానికి 2,257 జౌళ్లు కావాలి. పాత్రలోకి సెకనుకు 200 జౌళ్ల చొప్పున వేడి చేరుతోందనుకుంటే, ఆ 100 గ్రాముల మంచు 0 డిగ్రీలకు చేరడానికి దాదాపు 19 సెకన్లు పడుతుంది. కరగడానికి 167 సెకన్లు, కరిగిన నీరు 100 డిగ్రీలకు చేరడానికి 209 సెకన్లు, అదంతా ఆవిరి కావడానికి దాదాపు 1,129 సెకన్లు, అంటే 19 నిమిషాలకు కాస్త తక్కువ పడుతుంది. మంచును కేవలం కరిగించడానికి పట్టే వేడితో అంతే నీటిని 0 నుంచి 80 డిగ్రీల దాకా వేడి చేయవచ్చన్నమాట. వాస్తవంలో పాత్ర నుంచి గాలిలోకి పోయే వేడి వల్ల ఈ సమయాలు పెరుగుతాయి కాని, వాటి మధ్య నిష్పత్తి చాలావరకు ఇలాగే ఉంటుంది.

పొయ్యి వేగం మీద ఆధారపడకుండా 334 అనే అంకెను రాబట్టే మార్గం ఇంకొకటి ఉంది, అది దీనికన్నా కచ్చితమైనది. ఒక థర్మోకోల్ కప్పును ఇంకొకదానిలో పెట్టి, అందులో 50 డిగ్రీల వేడి ఉన్న 200 గ్రాముల నీరు పోయండి. మంచుముక్కలను బయట కాసేపు ఉంచి, పైపైన కరగడం మొదలైన తరువాత బట్టతో తడి అద్ది, 50 గ్రాములు తూచి నీటిలో వేసి కలపండి. చివరి ముక్క మాయమైన క్షణాన ఉష్ణోగ్రతను చదవండి. మంచుకు బదులు 0 డిగ్రీల చల్లని నీరు 50 గ్రాములు పోసి ఉంటే మిశ్రమం 40 డిగ్రీల దగ్గర ఆగేది. మంచు వేసినప్పుడు అది 24 డిగ్రీల దాకా దిగుతుంది. లెక్క ఇలా చేయాలి: వేడి నీరు 26 డిగ్రీలు చల్లబడి కోల్పోయినది 200 × 4.18 × 26, అంటే 21,736 జౌళ్లు. కరిగిన నీరు 0 నుంచి 24 డిగ్రీలకు చేరడానికి తీసుకున్నది 50 × 4.18 × 24, అంటే 5,016 జౌళ్లు. మిగిలిన 16,720 జౌళ్లు కరగడానికే ఖర్చయ్యాయి, 50తో భాగిస్తే గ్రాముకు 334 వస్తుంది. మీకు 300 లోపు వస్తే మంచు తడిగా ఉందని అర్థం, ఎందుకంటే అప్పటికే కరిగి ఉన్న నీటిని కూడా మంచుగా తూచారు. బాగా ఎక్కువ వస్తే మంచు ఇంకా మైనస్ ఉష్ణోగ్రతలోనే ఉందని గాని, కలపడం ఆలస్యమై కప్పు నుంచి వేడి బయటకు పోయిందని గాని అనుకోవాలి.

రెండవ దశ: నీటిని గడ్డకట్టించడం

దంచిన మంచు మూడు వంతులకు ఉప్పు ఒక వంతు కలిపితే ఆ మిశ్రమం మైనస్ 21 డిగ్రీల దగ్గరి దాకా చల్లబడగలదు. అంత చల్లదనం చర్మాన్ని గాయపరుస్తుంది కనుక దాన్ని చేత్తో తాకకూడదు. పరీక్షనాళికలో మరిగించి చల్లార్చిన శుభ్రమైన నీరు కొద్దిగా పోసి, ఉష్ణమాపకం ఉంచి, నాళికను ఆ మిశ్రమంలో కదల్చకుండా నిలబెట్టాలి. ఉష్ణోగ్రత 0ను దాటి కిందికి దిగినా నీరు ద్రవంగానే మిగిలి ఉండడం మీరు తరచుగా చూస్తారు. మైనస్ 3, మైనస్ 5 డిగ్రీల దాకా దిగిన తరువాత హఠాత్తుగా స్ఫటికాలు అల్లుకుంటాయి, అదే క్షణంలో ఉష్ణోగ్రత 0 వైపు ఎగబాకుతుంది. గడ్డకట్టడమంటే వేడిని విడుదల చేయడమని ఇంత స్పష్టంగా చూపే దృశ్యం ఇంకొకటి లేదు. కరిగేటప్పుడు తీసుకున్న 334 జౌళ్లే గ్రాముకు తిరిగి వస్తున్నాయి.

0 వద్దే గడ్డకట్టకుండా ఆగడాన్ని అతిశీతలీకరణం అంటారు. మంచు స్ఫటికం పెరగాలంటే మొదట ఒక చిన్న కేంద్రకం కావాలి; ధూళి కణమో, గాజు మీది గీతో, మరో మంచు స్ఫటికమో ఆ అవకాశాన్ని ఇస్తుంది. అలాంటి ఆధారం ఏదీ లేని అతి చిన్న స్వచ్ఛమైన బిందువులు దాదాపు మైనస్ 38 డిగ్రీల దాకా ద్రవంగా ఉండగలవు. మేఘాలలో ఇలాంటి బిందువులు విస్తారంగా ఉంటాయి. మంచు స్ఫటికాన్ని పోలిన అమరిక గల సిల్వర్ అయొడైడ్ వాటికి కేంద్రకంగా పనిచేస్తుందని 1946లో శాస్త్రవేత్త బెర్నార్డ్ వానెగట్ కనుగొన్న తరువాత మేఘమథన ప్రయత్నాలలో దాని వాడకం మొదలైంది. మీ నాళికలో నీరు మైనస్‌లోకి దిగి ఊరకే ఉంటే చిన్న మంచు రేణువును అందులో వేసి చూడండి.

నిండా నీళ్లు పోసి బిరడా బిగించిన గాజు సీసాను ఎన్నడూ గడ్డకట్టించకూడదు. మంచు అల్లికలో ఖాళీలు ఉండడం వల్ల గడ్డకట్టేటప్పుడు ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరిగి సీసా పగులుతుంది. ఘన సెంటీమీటరుకు 0.917 గ్రాముల సాంద్రతతో మంచు నీటిపై తేలడానికీ కారణం ఇదే. నీటి సాంద్రత 4 డిగ్రీల దగ్గర అత్యధికం కాబట్టి చలి ప్రాంతాల సరస్సులు పైనుంచి గడ్డకడతాయి, అడుగున జలచరాలకు ద్రవ నీరు మిగులుతుంది.

మూడవ దశ: మరగడాన్ని గమనించడం, ఆవిరికి పట్టే వేడిని లెక్కించడం

పాత్రలో 500 గ్రాముల నీటిని వేడి చేస్తూ బుడగలను శ్రద్ధగా చూడండి. గోడల మీద మొదట కనిపించే సన్నని బుడగలు నీటి ఆవిరివి కావు. వేడెక్కిన నీరు తనలో కరిగిన గాలిని వదిలేయడం వల్ల అవి పుడతాయి. తరువాత అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైనున్న చల్లని పొరను చేరగానే కుంచించుకుపోతాయి, పాత్ర చేసే సన్నని రొద ఆ కూలడం వల్లనే పుడుతుంది. నీరంతా మరుగు ఉష్ణోగ్రతకు చేరిన తరువాతే బుడగలు పెరుగుతూ ఉపరితలం దాకా వచ్చి పగులుతాయి. ఇప్పుడు వేడిని రెట్టింపు చేసి చూడండి: కళపెళ పెరుగుతుంది, ఆవిరి పెరుగుతుంది, ఉష్ణోగ్రత పెరగదు. నీరు మరగడం మొదలైన తరువాత మంట పెంచితే నీరు ఇంకా వేడెక్కుతుందన్న అభిప్రాయం ఎంత బలంగా నాటుకుపోయిందంటే, ఈ ఒక్క పరిశీలన కోసమైనా ఉష్ణమాపకం కొనవచ్చు.

గ్రాముకు 2,257 జౌళ్లన్న అంకెను రాబట్టడానికి ముందు పొయ్యి అసలు ఎంత వేడి ఇస్తోందో తెలియాలి. 500 గ్రాముల నీరు 20 నుంచి 80 డిగ్రీలకు చేరడానికి 8 నిమిషాలు పట్టిందనుకుందాం. 500 × 4.18 × 60, అంటే 1,25,400 జౌళ్లు 480 సెకన్లలో చేరాయి కనుక సెకనుకు సుమారు 261 జౌళ్లు. అదే వేడి మీద నీటిని మరగనిచ్చి, పాత్రను ఒకసారి, మూత లేకుండా సరిగ్గా 10 నిమిషాలు మరిగిన తరువాత మరొకసారి తూచండి. అందిన వేడి దాదాపు 1,56,750 జౌళ్లు. అదంతా ఆవిరికే ఖర్చయితే 69 గ్రాములు తగ్గాలి. వాస్తవానికి తరుగు అంతకన్నా తక్కువగా ఉంటుంది, ఎందుకంటే 100 డిగ్రీల వద్ద పాత్ర చుట్టూ ఉన్న గాలికి కోల్పోయే వేడి, వేడెక్కే దశలో సగటున కోల్పోయినదాని కన్నా ఎక్కువ. తరుగు 65 గ్రాములైతే మీ లెక్కలో గ్రాముకు సుమారు 2,411 జౌళ్లు వస్తాయి. పాత్ర పక్కలకు వేడి తట్టుకునే గుడ్డ చుట్టినప్పుడు, మంటకు అది దూరంగా ఉండేలా చూసుకుంటే, ఈ తేడా తగ్గుతుంది.

మరుగుతున్న కెటిల్ మూతి దగ్గర ఖాళీగా కనిపించే చిన్న చోటును గమనించండి. అసలైన ఆవిరి అక్కడ ఉంది, అది కంటికి కనిపించదు. దానికి పైన కనిపించే తెల్లని పొగ అప్పటికే చల్లబడి ద్రవంగా మారిన సూక్ష్మ బిందువుల గుంపు. ఒక గ్రాము నీరు 100 డిగ్రీల ఆవిరిగా మారితే సుమారు 1.67 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ కనిపించని భాగం వైపు చేయి పోనివ్వకూడదు: ఒక గ్రాము మరిగే నీరు 37 డిగ్రీలకు చల్లబడుతూ చర్మానికి సుమారు 263 జౌళ్లు ఇస్తే, ఒక గ్రాము ఆవిరి ద్రవంగా మారి చల్లబడుతూ దాదాపు 2,520 జౌళ్లు ఇస్తుంది. ఇంకొక హెచ్చరిక: నున్నని పాత్రలో మైక్రోవేవ్‌లో వేడి చేసిన నీరు బుడగలు పుట్టే ఆధారం దొరకక 100 డిగ్రీలను దాటి, కదపగానే ఒక్కసారిగా ఎగజిమ్మవచ్చు. అందులో ముందే ఒక చెక్క చెంచా ఉంచడం మంచిది.

నాలుగవ దశ: పీడనాన్ని మార్చి మరిగించడం

నీటి ఆవిరి పీడనం చుట్టూ ఉన్న పీడనానికి సమానమైనప్పుడు నీరు మరుగుతుంది. 100 అనే అంకె సముద్రమట్టం వద్ద ఉండే 101.325 కిలోపాస్కల్‌ల పీడనానికి మాత్రమే చెందినది. దీన్ని సిరంజితో చూడవచ్చు. మరిగించిన నీటిని 65 డిగ్రీల దాకా చల్లార్చి, సిరంజిలోకి 4 మిల్లీలీటర్లు పీల్చి, గాలిని బయటకు నెట్టి, కొనను రబ్బరు తొడుగు వేసుకున్న వేలితో గట్టిగా మూసి, పిడిని వెనక్కి లాగండి. ఏ వేడీ ఇవ్వకుండానే నీటిలో బుడగలు లేస్తాయి. పిడిని వదలగానే అవి మాయమవుతాయి. మాయం కాకుండా మిగిలే బుడగ ఏదైనా ఉంటే అది గాలి.

ఎత్తైన చోట్ల ప్రతి 300 మీటర్లకు మరుగు ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. ఎవరెస్ట్ శిఖరం వద్ద అది 70 డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో దీనికి విరుద్ధంగా, పీడనం వాతావరణ పీడనానికి రెట్టింపు అయినప్పుడు నీరు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పీడనం మంచు ద్రవీభవన స్థానాన్ని కూడా మారుస్తుంది కాని, చాలా స్వల్పంగా: 100 రెట్ల వాతావరణ పీడనం కూడా దాన్ని ఒక డిగ్రీ కన్నా తక్కువే దించుతుంది. స్కేటింగ్ చేసేవారి బరువుకే మంచు కరుగుతుందన్న వివరణ అందుకే నిలబడదు.

అయిదవ దశ: ఇగరడం, తుషారం

నీరు ఆవిరి కావడానికి మరగనవసరం లేదు. ఏ ఉష్ణోగ్రత వద్దనైనా సగటు కన్నా వేగంగా కదిలే కొన్ని అణువులు ఉపరితలం నుంచి తప్పించుకుంటాయి, మిగిలినవాటి సగటు వేగం తగ్గి నీరు చల్లబడుతుంది. ఉష్ణమాపకం కొనకు తడిగుడ్డ చుట్టి గాలికి ఉంచితే ఈ తగ్గుదల నేరుగా కనిపిస్తుంది.

దీనికి ఎదురు ప్రక్రియ అయిన సాంద్రీకరణం ద్వారా గదిలోని ఆర్ద్రతను కొలవవచ్చు. లోహపు గ్లాసులో గది ఉష్ణోగ్రత గల నీరు పోసి, మంచును చిటికెడు చిటికెడుగా వేసి కలుపుతూ, గ్లాసు బయటి గోడ మసకబారిన క్షణాన నీటి ఉష్ణోగ్రతను రాసుకోండి. ఆపైన దాన్ని వేడెక్కనిచ్చి, మసక పోయిన క్షణాన మళ్లీ రాసుకుని రెండింటి సగటు తీసుకుంటే అదే తుషార స్థానం, అంటే గాలిలోని ఆవిరి నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. గదిలో 30 డిగ్రీలు, తుషార స్థానం 20 డిగ్రీలు అనుకుందాం. 20 డిగ్రీల వద్ద సంతృప్త ఆవిరి పీడనం (గాలిలో ఆవిరి గరిష్ఠంగా కలిగించగల పీడనం) 2.34, 30 డిగ్రీల వద్ద 4.24 కిలోపాస్కల్‌లు కనుక వాటి నిష్పత్తి అయిన సాపేక్ష ఆర్ద్రత సుమారు 55 శాతం. ఈ ప్రయోగం చేసేటప్పుడు గ్లాసు మీదికి ఊపిరి తగలకుండా చూసుకోవాలి, ఎందుకంటే ఊపిరిలోని తేమ ఒక్కటే ఫలితాన్ని తారుమారు చేయగలదు.

ఆరవ దశ: ద్రవం కాకుండానే జరిగే మార్పు

మంచు నేరుగా ఆవిరి కావడాన్ని ఉత్పతనం అంటారు. దీనికి ఓపిక కావాలి. వెడల్పైన పళ్లెంలో పల్చగా గడ్డకట్టించిన మంచును తూచి, మూత లేకుండా ఫ్రీజర్‌లో ఉంచి, వారానికొకసారి తూకం రాసుకోండి. ఉష్ణోగ్రత 0కు ఎన్నడూ చేరకపోయినా బరువు తగ్గుతూ పోతుంది. తనంతట తాను మంచుపొరను తొలగించుకునే ఫ్రీజర్లలో పొడి గాలి తిరుగుతూ ఉంటుంది కనుక తరుగు మరింత వేగంగా ఉంటుంది. 0 డిగ్రీల వద్ద ఇందుకు గ్రాముకు దాదాపు 2,835 జౌళ్లు కావాలి. కరగడానికి పట్టే 334నూ, అదే ఉష్ణోగ్రత వద్ద ఆవిరి కావడానికి పట్టే సుమారు 2,500నూ కలిపితే వచ్చే మొత్తం ఇదే. ఫ్రీజర్ గోడలకు పేరుకునే తెల్లని పొర దీనికి తలకిందుల మార్పు: గాలిలోని ఆవిరి నేరుగా మంచు స్ఫటికమై అక్కడ కూర్చుంటుంది.

611 పాస్కల్‌ల కన్నా తక్కువ పీడనంలో స్వచ్ఛమైన నీటికి ద్రవ రూపమే నిలకడగా ఉండదు. ఆ పీడనం వద్ద, 0.01 డిగ్రీల వద్ద మంచు, నీరు, ఆవిరి మూడూ సమతాస్థితిలో కలిసి ఉంటాయి. త్రిక బిందువు అని పిలిచే ఈ స్థానం ఎంత స్థిరమైనదంటే, 1954 నుంచి 2019 దాకా కెల్విన్ అనే ప్రమాణాన్ని దీని ఆధారంగానే నిర్వచించారు. ఆహారాన్నీ మందులనూ ముందు గడ్డకట్టించి, ఆ తరువాత పీడనాన్ని ఈ హద్దుకు దిగువకు దించి తేమను తొలగించే పద్ధతి దీని మీదే నడుస్తుంది. రెండవ కొసన, 374 డిగ్రీలు, 22.06 మెగాపాస్కల్‌లను దాటితే నీటికీ ఆవిరికీ మధ్య సరిహద్దే ఉండదు; అక్కడ గుప్తోష్ణం సున్న అవుతుంది.

ఫ్రీజర్‌లోని మంచు తరుగు నిజంగా ఉత్పతనమేనా అన్న అనుమానం వస్తే, అదే కొలతలు గల రెండవ పళ్లేన్ని ప్లాస్టిక్ పొరతో బిగుతుగా చుట్టి మొదటిదాని పక్కనే ఉంచండి. ఫ్రీజర్ ఎప్పుడైనా వేడెక్కి మంచు కరిగి ఉంటే రెండు పళ్లేలలోనూ మంచు నున్నగా మళ్లీ గడ్డకట్టినట్టు కనిపిస్తుంది. ఉత్పతనం మాత్రమే జరిగి ఉంటే మూసిన పళ్లెం బరువు దాదాపు మారదు, తెరిచిన పళ్లెంలోని మంచు అంచుల నుంచి అరిగిపోయి ఉంటుంది.